డ్యూటీకి వెళ్లేవాళ్ల మిద్దెతోట

నర్సరీకి వెళ్లేముందు మీ డ్యూటీ చార్టు ఒకసారి చూసుకోండి. బడంగ్‌పేట్ కాలనీల్లో ఒకరు ఎయిర్‌పోర్టు షిఫ్టుకి, ఒకరు ఆదిబట్ల ఫ్యాక్టరీకి పోయే ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఒక ఆదివారం ఉత్సాహంలో ముప్పై కుండీలు దించేస్తే ఉగాదికల్లా ముప్పై ఎండుపుల్లలు మిగులుతాయి. నారపల్లిలో తన ఇంటిమీద తోట పెంచి తెలంగాణలో మిద్దెతోటలకు ఊపు తెచ్చిన కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిని చూసి స్ఫూర్తి పొందండి, మంచిదే. కానీ ఆయనలా పూర్తి సమయం పెట్టగలమా అని కూడా ప్రశ్నించుకోండి. ఐదారు టబ్బులు చాలు. తోటకూర నెల తిరక్కుండానే కోతకొస్తుంది. గోంగూర గిల్లినకొద్దీ చిగురేస్తుంది. పుదీనాకైతే విత్తనం ఖర్చు కూడా లేదు, వంటకు తెచ్చిన కట్టలోంచి నాలుగు ముదురు కాడలు గుచ్చితే అంటుకుంటుంది. టమాటా, వంకాయ రెండో ఏడు చూసుకోవచ్చు.

పునాది తవ్వినప్పుడు మిగిలిన మొరం కుండీల్లో నింపకండి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలపండి. తడిసిన మట్టి ఘనపుటడుగు దాదాపు 45-50 కిలోలు తూగుతుంది, కొబ్బరిపొట్టు కలిస్తే ఆ బరువు బాగా తగ్గుతుంది. పెద్ద డ్రమ్ములు శ్లాబు నడిమధ్యన కాకుండా పిల్లర్లు, బీములు ఉన్నచోట పెట్టండి.

నీళ్ల సంగతి మట్టికన్నా తిరకాసు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఇళ్లలో కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, ఆకుల కొసలు మాడతాయి. వాన పడ్డప్పుడు కుండీ అడుగునుంచి కారిపోయేదాకా తడవనిస్తే ఆ ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. ఆర్‌వో మెషీన్ వదిలేసే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకు పోస్తారు చాలామంది. ఆ నీళ్లలో ఉప్పు అసలు నీళ్లకంటే ఎక్కువ, వాటితో బండలు కడుక్కోండి. బియ్యం కడిగిన నీళ్లు, ఏసీ నీళ్లు పనికొస్తాయి. ఎండ 40 డిగ్రీలు దాటే నెలల్లో 50 శాతం షేడ్‌నెట్ కట్టి, డ్యూటీకి బయల్దేరేముందే తడిపి పోవాలి.

ఇక పురుగులు. ఉద్యోగస్తుల తోటలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే ఆదివారానికిగాని ఎవరూ ఆకు తిప్పి చూడరు. రోజూ పది నిమిషాలు ఆకుల అడుగుభాగం చూడండి, సగం మందులు కొనే పని తప్పుతుంది. వంగమొక్కలో మిగతా కొమ్మలన్నీ నిటారుగా ఉండి ఒక్క కొస మాత్రం వాలిపోయిందంటే నీళ్లు చాలక కాదు. ఆ కొసను రెండంగుళాల కిందికి కోసి చీల్చండి, లోపల గులాబీ రంగు పురుగు ఉంటుంది. మొవ్వు, కాయ తొలిచే పురుగు అదే. కొమ్మ లోపలికి మందు చేరదు, కత్తెరే మందు. కోసిన ముక్కను అక్కడే పడేయకుండా సబ్బునీళ్లలో వేయండి.

మందారం మీద, కూరమొక్కల మీద దూదిలా అంటుకునేది పిండినల్లి. దానికంటే ముందు కాండం వెంట పాకే చీమలను చూడండి. పిండినల్లి విసర్జించే తీపి కోసం అవి దాన్ని కాపలా కాస్తాయి. చీమలను ఆపకుండా ఎంత కొట్టినా వారానికి మళ్లీ వస్తుంది. బెండాకు ఈనెలు పసుపెక్కితే పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొస్తుంది. దానికి చికిత్స లేదు, పీకేయండి. మళ్లీ వేసేటప్పుడు తట్టుకునే అర్క అనామిక లాంటి రకం వేయండి. బీర, సొర, కాకర పిందెలకు కాగితం సంచి తొడిగితే పండు ఈగ గుడ్లు పెట్టలేదు.

పేనుబంకకు, తెల్లదోమకు 1500 పీపీఎం వేపమందు లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి సాయంత్రం కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. మోనోక్రోటోఫాస్ మాత్రం ఎవరిచ్చినా తీసుకోవద్దు. కూరగాయలపై దాని వాడకాన్ని కేంద్రం 2005లోనే నిషేధించింది.

గేటు ముందు లాన్ వేయమంటారా అని అడిగితే నా మాట వద్దనే. వేసవిలో గడ్డికి రోజుకు చదరపు మీటరుకు ఐదు లీటర్లు లెక్కేసినా, 20 చదరపు మీటర్లకు 100 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకరు యాభై రోజుల్లో గడ్డికే అయిపోతుంది. పిల్లల కోసం తప్పదంటే గరిక పెంచండి. పచ్చి పేడ మాత్రం చల్లకండి, చెదలు చేరతాయి.

కాలం లెక్క తేలికే. మృగశిరకు బీర, బెండ, గోరుచిక్కుడు విత్తండి. వినాయక నిమజ్జనం నాటి బాలాపూర్ లడ్డూ వేలం అయ్యాక పాలకూర, మెంతి, కొత్తిమీర మొదలుపెట్టండి. ఎండాకాలం కొత్తిమీర చల్లి పూతకొచ్చిందని బాధపడేకంటే ఆ నాలుగు నెలలు తోటకూరతో సరిపెట్టుకోండి.

ఏ పురుగో తేలకపోతే షాపువాడు ఇచ్చిన సీసా పట్టుకురావద్దు. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏ షిఫ్టువాళ్లకైనా ఆ వేళల్లో ఐదు నిమిషాలు దొరక్కపోవు.