ఆదివారం అయిదింటికి ఏం చూపిస్తారు?

మా ఆఫీసు పిల్లలు హ్యాకథాన్‌కి పేరిచ్చినప్పుడల్లా నా సీటు దగ్గరికొచ్చి "సార్, ఏ ఐడియా అయితే ప్రైజు కొడతాం?" అంటారు. ప్రైజు సంగతి నాకు తెలియదు. రెండు రోజుల్లో ఏం వదిలేయాలో మాత్రం కొంత తెలుసు.

1. కళ్లెదుట ఉన్న సమస్య పట్టుకోండి. వ్యవసాయం, వైద్యం, విద్య అని శుక్రవారం రాత్రి బోర్డు మీద రాసుకుంటే బాగానే ఉంటుంది. శనివారం మధ్యాహ్నానికి ఎవరికోసం చేస్తున్నామో ఎవరికీ గుర్తుండదు. ఒకసారి మేం నీళ్ల ట్యాంకర్ల సమస్య తీసుకున్నాం. ఎండాకాలం వస్తే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇదే గొడవ: ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి, నిండుగానే వచ్చాయా, డబ్బెవరిచ్చారు? లెక్కంతా వాచ్‌మన్ నోటుబుక్కులో ఉంటుంది. మా టీములో ఒకమ్మాయి పొద్దున్నే వాళ్ల వాచ్‌మన్ దగ్గర కాసేపు కూర్చుని వచ్చింది. ట్యాంకర్ వచ్చేసరికి ఆయన ఒక చేత్తో పైపు పట్టుకుని ఉంటాడు, రెండో చెయ్యి తడి. ఇంక టైపు చేసేదెక్కడ? మేం గీసుకున్న స్క్రీన్లన్నీ పోయి ఒక్కటే మిగిలింది. పెద్ద బటన్, నొక్కితే ఫొటో, టైము దానంతటదే పడుతుంది.

2. లాగిన్ జోలికి పోవద్దు. సగం శనివారాన్ని మింగేసేది ఇదే. మన దేశంలో ఓటీపీ మెసేజ్ పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం సంస్థ పేరు, హెడర్, మెసేజ్ నమూనా అన్నీ డీఎల్‌టీ పోర్టల్లో ముందే రిజిస్టరై ఉండాలి. ఆ అనుమతులు మీ పోటీ తేదీలు చూసుకుని రావు. తప్పదంటే ఫైర్‌బేస్‌లో టెస్టింగ్ కోసం నంబరు, కోడు ముందే పెట్టుకునే వీలుంది, అది వాడండి. ప్లే స్టోర్‌దీ అదే వరస. కొత్తగా తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే 12 మంది 14 రోజులపాటు పరీక్షించాకే యాప్ విడుదలకు దరఖాస్తు పెట్టనిస్తున్నారు. ఏపీకే ఫైలు ఫోన్లో వేసుకెళ్లండి, లేదా వెబ్ లింకు చాలు.

3. టీములో మేనేజరుంటే ఆయనకు కోడ్ ఇవ్వకండి. కోపమొస్తే రానివ్వండి. జడ్జీల ముందు మాట్లాడే మూడు నిమిషాలు ఆయనకు అప్పజెప్పండి. ఏళ్ల తరబడి పైవాళ్లకు స్లయిడ్లు చూపించిన అనుభవం ఉన్నది ఆయనకే.

4. బయటి పోటీకి ఆఫీసు ల్యాప్‌టాప్ వద్దు. కోడ్ ఎవరి సొత్తవుతుందో మీ ఉద్యోగ ఒప్పందంలోనూ, పోటీ నియమాల్లోనూ చదివే బయల్దేరండి.

5. తెలుగు అక్షరాల సంగతి మొదటి గంటలోనే తేల్చుకోండి. స్క్రీన్ మీద ముచ్చటగా ఉంటాయి. నెల లెక్క పీడీఎఫ్ తీద్దామనగానే వత్తులు ఊడిపోతాయి. 'ట్యాంకర్'లో య వత్తు ఎటో పోతుంది. అక్షరాలను మన పద్ధతిలో పేర్చడం చాలా పీడీఎఫ్ లైబ్రరీలకు రాదు. పేజీని బ్రౌజర్లో తెరిచి అక్కణ్నుంచే పీడీఎఫ్‌గా ప్రింట్ చేస్తే సరిపోతుంది.

6. వంతులవారీగా నిద్రపోండి. తెల్లవారుజామున మూడింటికి రాసిన కోడ్ తొమ్మిదింటికి రాసినవాడికే అర్థం కాదు. ఆదివారం భోజనాలయ్యాక ఎంత మంచి ఫీచరైనా మెయిన్ బ్రాంచిలో కలపనివ్వకండి. (శనివారం బిర్యానీ పెడతారు. తక్కువ తినండి.)

7. హాల్లో అందరూ ఒకే వైఫై మీద పడతారు, సరిగ్గా మీ వంతుకే అది మొరాయిస్తుంది. మీ హాట్‌స్పాట్ మీరు తెచ్చుకోండి, డెమో వీడియో ముందే తీసి పెట్టుకోండి. జాబితాలో 'టెస్ట్1', 'టెస్ట్2' కనిపిస్తే జడ్జీల మొహాల్లో ఆసక్తి చచ్చిపోతుంది. 'బి బ్లాక్, 5,000 లీటర్లు, ఉదయం 6:40' అని ఉంటే వాళ్లలో ఒకరైనా "మా దగ్గరా ఇదే గోల" అంటారు.

8. సోమవారం ఎవరికీ మాటివ్వకండి. ఫేస్‌బుక్ లైక్ బటన్ 2007లో వాళ్ల సొంత హ్యాకథాన్‌లో రూపుదిద్దుకుంది. జనం చేతికొచ్చింది మాత్రం 2009 ఫిబ్రవరిలో. మన రెండు రోజుల యాప్‌ని నమ్ముకుని వాచ్‌మన్ లెక్క రాయడం మానేశాడనుకోండి, అది ఆగిపోయిన రోజు అసోసియేషన్ చేత మాటలు పడేది ఆయనే. సర్వర్ బిల్లెవరు కడతారో, రాత్రి యాప్ పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో తేలాకే ఆయన చేతిలో పెట్టండి. అంతవరకూ నోటుబుక్కు నడవనివ్వండి.