పక్కన పడుకునే మనిషికి చెప్పండి

జననాంగాల దగ్గర హెర్పిస్ పొక్కులు లేస్తే చాలామంది చేసే పని ఒకటే. ఊరు దాటి, ముఖం తెలియని మందుల షాపులో ఓ ట్యూబు కొంటారు. రెండు మూడు వారాల్లో పుండు మానుతుంది. 'ఇంక చెప్పేదేముందిలే' అనుకుంటారు. మానింది పుండు మాత్రమే! వైరస్ వెన్ను అడుగు నరాల్లో దాక్కునే ఉంటుంది. పొక్కు లేని రోజుల్లోనూ అంటుకోగలదు. చెప్పి తీరాలని నేననేది అందుకే.

ముందు రోగమేదో ఖాయం చేసుకోండి. బస్టాండు గోడల మీద పోస్టర్లు అంటించే గుప్తరోగ నిపుణుల జోలికి పోవద్దు. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో చర్మ, సుఖవ్యాధుల డాక్టర్లున్నారు. సర్కారు సురక్ష క్లినిక్కుల్లో హెర్పిస్‌కిచ్చే ఎర్ర కిట్‌లో ఉండేవి ఎసైక్లోవిర్ మాత్రలే.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. రాజంపేట, రాయచోటి వైపు ఒకరు ఇక్కడుంటే ఒకరు కువైట్‌లో. కోసిగి, ఆదోని వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. మళ్లీ కలిసిన నెలకు పొక్కు కనబడిందా, మొదటి ప్రశ్న 'ఎవరితో తిరిగినావు?' అనే. ఆ జవాబు పొక్కును చూసి ఏ డాక్టరూ చెప్పలేడు. ఏళ్ల తరబడి గుర్తే లేకుండా ఉండి, ఎప్పుడో బయటపడే జబ్బు ఇది. పెదాల మీద పొక్కులు తెచ్చే రకం కూడా కిందికి అంటుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన లెక్కలో 15–49 ఏళ్ల వాళ్లలో ఐదుగురిలో ఒకరికి పైగా జననాంగాల హెర్పిస్ ఉంది. ఈ సంగతులు గొడవకు ముందే చెప్పాలి. తర్వాత చెప్తే సాకులా వినిపిస్తాయి.

పడక మీద వద్దు. పిల్లలు నిద్రపోయాక మిద్దె మీద కూర్చుని చెప్పండి: 'మే, నాకు అప్పుడప్పుడు కింద పొక్కులొస్తాయి. పానానికి ముప్పు లేదంట గానీ అంటుకుంటాది. మాత్రలు వాడుతుండా. నువ్వూ ఒకసారి చూపించుకో.' ఇంతే. పొక్కులున్నన్నాళ్లు దూరంగా ఉండాలి, మిగతా రోజుల్లో కండోమ్ వాడాలి. అది ముప్పు తగ్గిస్తుంది, పూర్తిగా తీసెయ్యదు. రోజూ వాలసైక్లోవిర్ వేసుకుంటే అంటుకోవడం సగానికి తగ్గిందని 2004లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఆమె గర్భిణి అయితే ఒక్కరోజు కూడా ఆగొద్దు. చివరి నెలల్లో కొత్తగా సోకితే బిడ్డకు ప్రమాదం.

చెప్తే చెయ్యి చేసుకుంటారన్న భయముంటే ఒంటరిగా నోరు విప్పకండి, కౌన్సెలర్ ఎదుట మాట్లాడండి. అత్తకు, వదినకు, పెండ్లిచూపులకొచ్చిన పెద్దలకు చెప్పాల్సిన పనే లేదు. కాబోయే మనిషికి మాత్రం తాంబూలాలకు ముందే, పెండ్లిళ్ల పేరయ్యతో కబురంపకుండా, మీరే చెప్పండి.