‘పే’ అనే క్రియ: అర్థం, పుట్టుక, వాడుక

మా సొసైటీ నడిపే సాయంకాలపు ఇంగ్లీషు తరగతిలో ఒక అమ్మాయి ఇలా అడిగింది: “సార్, ఫీజు కట్టడాన్ని ‘పే’ అంటాం. మరి ‘పే అటెన్షన్’ అంటున్నారు, శ్రద్ధకు కూడా డబ్బు కట్టాలా?” తరగతంతా నవ్వింది. అయితే ఆ ప్రశ్న నవ్వి వదిలేయదగినది కాదు. అందుకే ఈ చిన్న పాఠం.

పుట్టుక

లాటిన్ భాషలో ‘పాక్స్’ అంటే శాంతి. దాని నుంచి ‘పాకారే’ అనే క్రియ వచ్చింది. శాంతపరచడం అని దాని అర్థం. మధ్యయుగాలలో అదే మాటను అప్పిచ్చినవాడిని తృప్తిపరచడం అనే అర్థంలో వాడసాగారు. ఫ్రెంచిలో అది ‘పాయే’ అయింది. అక్కడి నుంచి సుమారు 1200 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చి ‘పే’గా స్థిరపడింది. ‘పీస్’, ‘పసిఫిక్’ అనే మాటలు కూడా ఈ కుటుంబానివే. అంటే ‘పే’ చేయడమంటే మొదట డబ్బు లెక్కపెట్టడం కాదు, రావలసినవాడి మనసును నెమ్మదిపరచడం.

మన భాషలు కూడా ఇంచుమించు ఇలాగే ఆలోచించాయి. తెలుగులో బాకీ చెల్లిస్తాం, మొక్కు కూడా చెల్లిస్తాం. ఉర్దూలో అప్పూ ‘అదా’ చేస్తారు, నమాజూ ‘అదా’ చేస్తారు. రెండూ మన మీద ఉన్న బాధ్యతలే. శ్రద్ధ కూడా అలాంటిదే. చెప్పేవారికి వినేవారు బాకీపడినది.

వాడుక

1. మనిషికి, బిల్లుకు నేరుగా ‘పే’ వాడాలి: పే ద డ్రైవర్, పే ద బిల్. కొన్న వస్తువుకు మాత్రం ‘ఫర్’ తప్పనిసరి: పే ఫర్ ద మెడిసిన్స్. మన పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

2. భూతకాలం ‘పెయిడ్’. రాసేటప్పుడు చివరి వై పోయి ఐ వస్తుంది: పి, ఎ, ఐ, డి.

3. ‘పే బ్యాక్’ అంటే తీసుకున్నది తిరిగి ఇవ్వడం. ‘పే ఆఫ్’ అంటే అప్పు పూర్తిగా తీర్చేయడం. పడిన కష్టం ఫలించినప్పుడు కూడా ‘పెయిడ్ ఆఫ్’ అంటారు.

4. డబ్బుతో పని లేని వాడుకలు: పే అటెన్షన్ (శ్రద్ధ పెట్టు), పే ఎ విజిట్ (చూసి రా), పే రెస్పెక్ట్స్ (గౌరవం తెలుపు).

‘గివ్’, ‘పే’

ఈ రెండింటికీ తేడా తెలిస్తే పాఠం సగం వచ్చినట్లే. ఇష్టపడి ఇచ్చేది ‘గివ్’. ఇవ్వవలసి ఉండి ఇచ్చేది ‘పే’. ఒక విద్యార్థి ఫీజుకు సాయం చేస్తానని దాత మాట ఇచ్చేదాకా అది ‘గివ్’. మాట ఇచ్చాక అది ‘పే’ అవుతుంది. ఎందుకంటే ఆ మాటను నమ్ముకుని ఒక ఇంట్లో కాలేజీ గడువు తేదీని లెక్కపెట్టుకుంటూ ఉంటారు.

ఈ మాట దాతలకే చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. ఇదే తరగతి చెప్పే మాస్టారికి నిరుడు గౌరవ వేతనం రెండు నెలలు ఆలస్యంగా ఇచ్చాం. చందాలు ఇంకా రాలేదని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. ఆయన ఒక్కసారీ అడగలేదు. అడగలేదు కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాం. ఆ రెండు నెలలూ ఆయన ఇంటి అద్దెకు చేబదులు తీసుకున్నారని తర్వాత తెలిసింది. ఈ మాట పుట్టుక చదివినప్పుడు మాకు మొదట గుర్తుకు వచ్చింది ఆయనే. ఈ ఏడాది ఆయన వేతనం ప్రతి నెలా మొదటి వారంలోనే అందజేస్తున్నాం.

మా రసీదు పుస్తకంలో ‘పెయిడ్’ అని ముద్ర వేసే చోటు ఒకటుంది. ఇకపై ఆ ముద్ర చూసినప్పుడు దాని వెనుక ఉన్న పాత అర్థాన్ని కూడా తలచుకోవాలని మనవి. ఎవరో ఒకరు ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోతారు.