కొక్కు మీద పురుగు

కొల్లాపూర్ ప్రాంతంలో నల్లమల అడవి ఉంది. వానలు పడ్డాయి. పుట్టల మీద, మొద్దుల మీద కొక్కులు మొలిచాయి. కొక్కులంటే పుట్టగొడుగులు.

అవ్వ, మనుమరాలు అడవి అంచుకు పోయారు. ఒక చెట్టు కింద తెల్లని కొక్కులు కనిపించాయి. కొన్ని కుళ్లిపోయాయి. వాటి మీద చిన్న పురుగులు తిరుగుతున్నాయి.

"పురుగులు తింటున్నయి బిడ్డా! ఇవి మంచి కొక్కులే. తెంపుకపోదాం" అన్నది అవ్వ.

"ఆగు అవ్వా. ముందుగాల ఆ పురుగులను చూద్దాం" అన్నది మనుమరాలు.

కుళ్లిన కొక్కును పుల్లతో తట్టింది. పురుగులు తెల్ల కాగితం మీద రాలాయి.

కొన్ని తెల్లగా, మెత్తగా ఉన్నాయి. కాళ్లు లేవు. అవి ఈగ పిల్లలు.

కొన్నిటికి ఆరు కాళ్లున్నాయి. వీపు మీద రెండు గట్టి పెంకులున్నాయి. అవి నడుమ గీత గీసినట్టు కలిశాయి. ఇవి పెంకు పురుగులు. పెంకులే వీటి పై రెక్కలు. ఎగిరే రెక్కలు వాటి కింద ఉంటాయి.

ఒకటి గుండ్రంగా నిగనిగలాడుతోంది. పెంకు పొట్టనంతా కప్పింది.

ఇంకొకటి సన్నగా, పొడుగ్గా ఉంది. పెంకు పొట్టిది. పొట్ట బయటికే కనబడుతోంది. పుల్ల తగలగానే తేలులాగ తోక ఎత్తింది. కానీ దానికి కొండి లేదు. ఇది పొట్టి రెక్కల పురుగు. ప్రపంచంలో ఇలాంటివి 60 వేల రకాలకు పైగా ఉన్నాయి. వీటిలో కొన్ని కొక్కును తింటాయి. కొన్ని ఈగ పిల్లలను వేటాడుతాయి.

"చూసినవా అవ్వా? కొక్కు మీద ఉన్నవన్నీ కొక్కును తినేటివి కావు. విషపు కొక్కును తిని బతికే పురుగులు గూడ ఉన్నయి. పురుగుకు పడింది మనకు పడదు."

"వండితే విషం పోదా?"

"పోదు. కొన్ని విషపు కొక్కులు తిన్న వెంటనే ఏమీ కాదు. 6 గంటల నుంచి 24 గంటల లోపల వాంతులు, విరేచనాలు అవుతయి. తర్వాత కాలేయం చెడిపోతది. పానం పోవచ్చు."

అవ్వ కొక్కులను అక్కడే వదిలింది. "అనుమానం ఉన్న కొక్కు మనకొద్దు బిడ్డా" అన్నది.

గుర్తుంచుకోండి: బాగా తెలిసిన కొక్కునే తినాలి. అడవి కొక్కు తిని వాంతులైతే ఆలస్యం చేయవద్దు. 108కి ఫోన్ చేయాలి. మిగిలిన కొక్కును డాక్టరుకు చూపాలి.

చెప్పండి:
1. పెంకు పురుగుకు ఎన్ని కాళ్లు?
2. పొట్టి రెక్కల పురుగును ఎలా గుర్తుపడతారు?
3. పురుగు తిన్న కొక్కు మనకు మంచిదేనా? ఎందుకు?