ఒకే బలిపీఠం ముందు రెండు వరుసలా?



గడచిన ఆదివారం పూజలో మీరు ఎక్కడ కూర్చున్నారు? మీ ప్రక్కన ఎవరు కూర్చున్నారు? చాలామందికి అది తాతల నాటి చోటు. ఎవరూ గీత గీయలేదు, బోర్డు పెట్టలేదు. అయినా ఊరివారు ఒక వైపు, వాడవారు ఒక వైపు కూర్చోవడం కొన్ని గ్రామాలలో మనకు తెలిసిన సంగతే. పునీత యాకోబుగారు తన లేఖ 2వ అధ్యాయంలో ఈ తప్పునే ఎత్తిచూపారు. బంగారు ఉంగరంతో వచ్చినవానికి మంచి ఆసనం చూపించి, మాసిన బట్టలతో వచ్చినవానిని కాళ్ళ దగ్గర కూర్చోబెట్టడం విశ్వాసానికి తగదని తొలి క్రైస్తవులను మందలించారు.

మనుష్యులను పుట్టుకనుబట్టి వేరుచేసే ఈ పాపాన్ని విచారణలోని సామాన్య విశ్వాసులు ఎలా ఎదిరించగలరు? ఈ వారం పాఠంలో దీనిని ఆలోచిద్దాం. ముందుగా దూరదేశపు కథ ఒకటి చూద్దాం. పరాయివాని తప్పు మన కంటికి త్వరగా కనబడుతుంది గదా!

రంగునుబట్టి వేరుచేసిన బల్లలు

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఒకప్పుడు బళ్ళు, బస్సులు, ఆసుపత్రులు తెల్లవారికి వేరు, నల్లవారికి వేరు. విచారకరమైన సంగతి ఏమిటంటే కతోలిక దేవాలయాలలో కూడా నల్లజాతి విశ్వాసులకు వెనుక బల్లలే. చాలా చోట్ల తెల్లవారందరూ దివ్యసత్ప్రసాదం స్వీకరించిన తరువాతనే వీరి వంతు వచ్చేది. 1854లో బానిసగా పుట్టిన అగస్టస్ టోల్టన్ గురువు కావాలని కోరుకొంటే, ఆ దేశంలో ఒక్క గురువిద్యాలయం కూడా ఆయనను చేర్చుకోలేదు. ఆయన రోము నగరానికి వెళ్ళి చదివి 1886లో అక్కడే గురుపట్టాభిషేకం పొందారు. 2019లో తిరుసభ ఆయనను పూజ్యులుగా ప్రకటించింది.

న్యూ ఓర్లీన్స్ అగ్రపీఠాధిపతి జోసెఫ్ రమ్మెల్ 1953లో ఒక లేఖ వ్రాసి, తన అగ్రపీఠంలోని దేవాలయాలలో ఇక వేరు బల్లలు, వేరు వరుసలు ఉండకూడదని ఆజ్ఞాపించారు. 1955లో ఒక చిన్న గ్రామంలో పూజ చేయడానికి వచ్చిన నల్లజాతి గురువును అక్కడి కొందరు త్రిప్పి పంపారు. అగ్రపీఠాధిపతి ఆ గుడిలో పూజలే ఆపివేశారు. 1962లో కతోలిక బడులను అందరికీ తెరిచినప్పుడు, బహిరంగంగా ఎదిరించిన ముగ్గురిని తిరుసభ నుండి వెలివేశారు. గురువును త్రిప్పి పంపినవారు దేవుణ్ణి నమ్మనివారు కారు. ప్రతి ఆదివారం గుడికి వచ్చేవారే. భక్తి ఉన్నచోట కూడా ఈ పాపం హాయిగా కాపురం చేయగలదని ఇందుమూలంగా తెలుస్తున్నది.

అయితే మార్పు పెద్దల ఆజ్ఞలతోనే రాలేదు. 1955 డిసెంబరులో మోంట్‌గోమరీ నగరంలో నల్లజాతి ప్రజలు, తమను అవమానించే సిటీ బస్సులు ఎక్కబోమని నిశ్చయించుకొన్నారు. ఇళ్ళలో పనిచేసే స్త్రీలు, కూలీలు, ముసలివారు మైళ్ళకొద్దీ నడిచారు. కార్లు ఉన్నవారు లేనివారిని ఎక్కించుకొన్నారు. ప్రార్థనాలయాలలో సమావేశమై ఒకరినొకరు ధైర్యపరచుకొన్నారు. అలా 381 రోజులు! చివరకు న్యాయస్థానం వారి పక్షాన నిలిచింది, బస్సులలో వేరు సీట్లు పోయాయి. వారికి నాయకత్వం వహించిన మార్టిన్ లూథర్ కింగ్‌కు అప్పటికి 26 ఏళ్ళు.

అద్దంలో మన ముఖం

ఇదే కింగ్‌గారు 1959లో మన దేశానికి వచ్చారు. కేరళలో, అంటరానివారిగా చూడబడిన కుటుంబాల పిల్లలు చదివే ఒక బడికి వెళ్ళినప్పుడు, అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా నుండి వచ్చిన తోటి అంటరానివానిగా పిల్లలకు పరిచయం చేశారు. ఆ మాటకు కింగ్‌గారు మొదట నొచ్చుకొన్నారు. తరువాత తన ప్రజల బ్రతుకును తలచుకొని, అవును, నేనూ అంటరానివాడనే అని లోపల ఒప్పుకొన్నారు. ఈ సంగతి 1965లో ఆయనే తన సంఘానికి ప్రసంగంలో చెప్పారు. అమెరికా నల్లవాని గాయం, మన వాడలోని మనిషి గాయం ఒకటేనని ఆయన గ్రహించారు. మరి మనము గ్రహించామా?

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు మాకు ఒక పాత ఉదాహరణ చెప్పేవారు. కాకికి నలుపు ఎప్పుడూ ఉంటుంది, అయినా నలుపు కాకి యొక్క సారం కాదు. అట్లే మనిషి నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా మనిషే. పైపై లక్షణాన్ని సారమని భ్రమించడం తర్కంలో తప్పు. ఆ భ్రమతో మనిషిని తక్కువచేయడం దేవుని యెదుట పాపం. కులం సంగతి ఇంకా విడ్డూరం. రంగు కనీసం కంటికి కనబడుతుంది. కులం ఏ కంటికీ కనబడదు. దానిని అడిగి తెలుసుకోవాలి. అడిగి మరీ తెలుసుకొని, తెలుసుకొన్న తరువాత ఎడంగా జరుగుతున్నాము!

రెండవ వాటికన్ మహాసభ 1965లోనే, జాతి, రంగు, సామాజిక స్థితినిబట్టి మనుష్యుల ప్రాథమిక హక్కులలో చూపే వివక్ష దేవుని సంకల్పానికి విరుద్ధమని బోధించింది. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళితుల సాధికారత కొరకు ఒక విధానాన్ని ప్రకటించి, తిరుసభలో కుల వివక్ష ఉన్నదని ఒప్పుకొన్నది. కర్నూలు మేత్రాసనంలో పుట్టిన పూల ఆంతోని అగ్రపీఠాధిపతులవారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. దళిత కుటుంబం నుండి వచ్చిన మొదటి కార్డినల్ ఆయనే. మనమందరం సంతోషించాము. కాని ఆయన ఫోటోకు దండవేసిన గ్రామంలోనే రెండు వరుసలు మిగిలి ఉంటే, ఆ దండకు విలువ ఏమిటి?

1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితాకు వెలుపల ఉంచింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనలను చేర్చలేదు. అందుకే ఆగస్టు 10ని నిరసన దినంగా పాటిస్తున్నాము. మతం మారినా కులం మమ్మల్ని వదలలేదు, మాకు న్యాయం చేయండి అని ప్రభుత్వాన్ని అడుగుతున్నాము. ఆ అడగడం న్యాయమే. అయితే ఆ కులాన్ని వదలకుండా పట్టుకొన్నవారిలో మనమూ ఉంటే, ఏ ముఖంతో అడుగుతాము?

ఒక కంచె కథ

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను గురువునైన క్రొత్తలో ఒక గ్రామంలో సేవచేశాను. ఆ ఊరి సమాధుల తోటలో ముళ్ళకంచె ఒకటి ఉండేది. మెరకన ఊరివారి సమాధులు, పల్లాన వాడవారి సమాధులు. ఒక వర్షాకాలంలో వాడలో ఒక పెద్దాయన చనిపోయాడు. పల్లంలో ఎక్కడ త్రవ్వినా నీరు ఊరుతోంది. మెరకన చోటిప్పించమని ఆయన కొడుకు నన్ను బ్రతిమలాడాడు. నేను పెద్దలను అడిగితే, “ఆచారం ఫాదరుగారూ, మేము పెట్టింది కాదు” అన్నారు. గొడవ ఎందుకని నేను ఊరుకొన్నాను. బక్కెట్లతో నీళ్ళు తోడి, ఆ బురదలోనే పెట్టెను దించాము. నేను ప్రార్థనలు చదివాను. ఆ కొడుకు నన్ను ఒక్క మాట అనలేదు. అతడు ఏదైనా అని ఉంటే నాకు అంత బాధ కలిగేది కాదు.

తరువాత ఆ కంచె గూర్చి నేను చాలా ప్రసంగాలు చేశాను. ఒక్క ముల్లు కూడా కదలలేదు. దానిని కదిలించింది ఊరిలోని ఒక ముసలమ్మ. జబ్బుపడి మంచం పట్టినప్పుడు కొడుకులను పిలిచి, “నన్ను పల్లంలో, వాడవాళ్ళ ప్రక్కన పెట్టండి. మీరు మాట ఇస్తేనే నాకు నెమ్మది” అన్నది. కొడుకులు కోపపడ్డారు, ఏడ్చారు, చివరకు మాట నిలబెట్టుకొన్నారు. ఆ ఏడాది నవంబరు 2న, సకల మృతుల స్మరణ దినాన, కొవ్వొత్తులు వెలిగించడానికి వారు కంచె దాటి వెళ్ళవలసి వచ్చింది. ప్రక్క సమాధి దగ్గర మోకరించినవారితో మాట కలిసింది. మరుసటి ఏడు కంచె అక్కడక్కడ పడిపోతే ఎవరూ బాగుచేయలేదు.

నాకు ఆ తల్లి నేర్పిన పాఠం ఇది: పైవరుసలో ఉన్నవాడు తానై ముందుగా కదిలితే, క్రింది వరుసవాడు బ్రతిమలాడవలసిన పని ఉండదు.

మనము చేయవలసినవి

మొదటిది, చూడండి. విచారణ సలహా సంఘం, మరియదళం, యువజన సంఘం కలిసి ఒక ఆదివారం శ్రద్ధగా గమనించండి. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు? పఠనాలు ఎవరు చదువుతున్నారు? పండుగనాడు తేరు ఎవరు మోస్తున్నారు, ఏ వీధిలో తిరిగి ఏ వీధి రాకముందే వెనుకకు మళ్ళుతున్నది? సలహా సంఘంలో వాడవారు ఎందరు? చూచినది చూచినట్లు కాగితంపై వ్రాసి విచారణ గురువుకు ఇవ్వండి. కాగితం మీద చూచిన తరువాత “మా ఊళ్ళో అలాంటిదేమీ లేదు” అనడం కష్టం.

రెండవది, కదలండి. వచ్చే ఆదివారం మీ కుటుంబం వేరే వైపు కూర్చోండి. పండుగ విందులో బంతి కలిపి కూర్చోండి. వాడలో పెళ్ళికి పిలిస్తే కవరు ఇచ్చి వచ్చేయకుండా భోజనం చేసి రండి.

మూడవది, ఇంటిని శుద్ధిచేయండి. పనిమనిషికి వేరే గ్లాసు, వేరే పళ్ళెం ఉంటే ఈ రోజే తీసివేయండి. ఇంటికి వచ్చిన పిల్లవాని స్నేహితుణ్ణి “మీరేమిటోళ్ళు?” అని అడగకండి. కులం పేరుతో తిట్టే తిట్లు, సామెతలు మన నోట రాకూడదు. పెళ్ళి సంబంధం దగ్గర మన విశ్వాసానికి అసలు పరీక్ష వస్తుంది. పిల్లలు మంచివారైతే, ప్రేమ నిజమైతే, కులం ఒక్కటే అడ్డంకిగా పెట్టకండి. వాడలోపల కూడా ఒకరినొకరు ఎక్కువ తక్కువలుగా చూచుకోవడం ఉంది. అక్కడివారూ ఈ మాటను తమకే చెప్పినట్లు వినాలి.

నాలుగవది, నోరు విప్పండి. టీకొట్టు దగ్గర ఒకరు ఒక కులాన్ని హేళనచేస్తే మెల్లగా, గట్టిగా “ఆ మాట బాగోలేదు” అనండి. పదిమంది నవ్వేచోట ఒక్కరు నవ్వకపోవడం కూడా సాక్ష్యమే.

ఐదవది, అన్యాయం జరిగితే బాధితుని ప్రక్కన నిలబడండి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని నిషేధించింది. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో దానిని సవరించి శ్మశానం, నీరు, దారి వాడుకోనివ్వకపోవడం, సాంఘిక బహిష్కరణ వంటివి నేరాలుగా చేర్చారు. తేదీ, సమయం, అన్నమాటలు, సాక్షుల పేర్లు వెంటనే వ్రాసి పెట్టండి. పోలీసు స్టేషనుకు బాధితుణ్ణి ఒంటరిగా పంపకండి. 2021లో ప్రారంభమైన జాతీయ సహాయ నంబరు 14566 కూడా ఉన్నది. అయితే క్రైస్తవ మతం స్వీకరించినవారికి ఈ 1989 చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక కేసులో తీర్పుచెప్పింది. కాబట్టి అట్టి సందర్భాలలో తెలిసిన న్యాయవాదిని, మేత్రాసన పెద్దలను ముందుగా సంప్రదించండి. చట్టం తలుపు సగమే తెరచి ఉన్నచోట, పొరుగువారి తోడు మరింత అవసరం. పొరుగువాడు హిందువైనా, మహమ్మదీయుడైనా మన కర్తవ్యం మారదు.

చివరగా, తొందరపడి రాజీ చేయకండి. అవమానం పొందినవానిని ఊరుకోబెట్టి తెచ్చే నెమ్మది శాంతి కాదు. ఆ బురద గుంట దగ్గర నేను తెచ్చినది అట్టి శాంతియే.

పూజ ఆరంభంలో, చేసిన పాపాలతో పాటు చేయవలసి యుండి చేయని మేలును కూడా మనము ఒప్పుకొంటాము. ఆచారాన్ని మనము పెట్టకపోవచ్చు. దానిని ఈ రోజు నిలబెడుతున్నది మాత్రం మనమే. జ్ఞానస్నానపు నీరు మనందరిపై ఒకే తొట్టి నుండి పోయబడింది. చివరకు మనందరినీ కప్పేది కూడా ఒకే మట్టి. ఈ రెంటి నడుమ ఉన్న కొద్ది కాలంలో కంచెలు ఎందుకు?

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించుకోవడానికి:

1. మన ఇంటిలో, మన మాటలలో కులభేదం ఎక్కడ దాగి ఉంది?

2. మన దేవాలయంలో, సమాధుల తోటలో మనము తీసివేయగల కంచె ఏది?

3. ఈ నెలలో మన కుటుంబం ముందుగా వేయబోయే ఒక్క అడుగు ఏమిటి? దానిని ఎవరు, ఎప్పుడు చేస్తారు?

ప్రభువు మనకు ఆ అడుగు వేసే ధైర్యాన్ని దయచేయునుగాక!