జ్వరం తగ్గింది, క్రిమి చావలేదు

టైఫాయిడ్ జ్వరం క్రిముల వల్ల వస్తుంది. ఈ క్రిములు రోగి మలంలో ఉంటాయి. ఆ మలం తాగే నీటిలో కలుస్తుంది. కడగని చేతుల వల్ల, ఈగల వల్ల తిండిలోకి చేరుతుంది. అలా క్రిములు మన పేగుల్లోకి, అక్కడినుంచి రక్తంలోకి పోతాయి.

జ్వరం రోజురోజుకీ పెరుగుతుంది. తలనొప్పి, కడుపునొప్పి వస్తాయి. ఆకలి ఉండదు. వైద్యం చేయించకపోతే రెండు మూడు వారాల్లో పేగుకు చిల్లు పడవచ్చు. ప్రాణం పోవచ్చు.

పొదుపు సంఘం ఆడవాళ్ళు నర్సమ్మను ఇలా అడిగారు.

"మా చిన్నోడికి డాక్టరు పదిరోజుల మందు రాశాడు. ఐదో రోజుకే జ్వరం తగ్గింది. ఇంక మందెందుకమ్మా?" అంది ఒకామె.

"మిగిలిన బిళ్ళలు దాచిపెడితే ఇంకొకరికి పనికొస్తాయి గదా!" అంది ఇంకొకామె.

నర్సమ్మ ఇలా చెప్పింది:

"పత్తిచేలో పచ్చపురుగు సంగతి మీకు తెలుసు గదా. మొదట్లో మందు కొడితే చచ్చేది. తర్వాత ఎంత కొట్టినా చావలేదు. ఎందుకని? మందుకు తట్టుకున్న పురుగులే బతికాయి. వాటి పిల్లలు కూడా మందుకు చావలేదు. జ్వరం క్రిములూ అంతే. మందు మధ్యలో ఆపితే కొన్ని క్రిములు మిగులుతాయి. జ్వరం తిరగబెడుతుంది. అవసరం లేకుండా మందు మింగినా మొండి క్రిములే పెరుగుతాయి. అవి ఇంకొకరికి సోకితే, ఆ మందు వాళ్ళకు పనిచేయదు."

ఇది నిజంగా జరిగింది. 1948లో టైఫాయిడ్‌కు క్లోరాంఫెనికాల్ అనే మందు వాడటం మొదలైంది. ఎందరినో బతికించింది. 1990 నాటికి మన దేశంలో చాలాచోట్ల అది పనిచేయకుండా పోయింది. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ వాడారు. దానికీ క్రిములు మొండికేశాయి. 2016లో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో ఇంకా మొండి టైఫాయిడ్ వచ్చింది. బిళ్ళల్లో దాదాపు ఒక్క రకమే దానిమీద పనిచేసింది. 2019లో అక్కడి పిల్లలకు టీకాలు వేశారు. ఆ టీకా మన హైదరాబాదులో తయారైందే.

గుర్తుంచుకోండి

- జ్వరం మూడు రోజులు దాటితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. రక్తపరీక్ష చేయించాలి.
- డాక్టరు చీటీ లేకుండా షాపులో ఈ మందులు కొనవద్దు.
- మందు మొదలుపెట్టాక కూడా జ్వరం తగ్గడానికి మూడు నుంచి ఐదు రోజులు పట్టవచ్చు. డాక్టరును అడగకుండా మందు మార్చవద్దు.
- జ్వరం తగ్గినా, చెప్పినన్ని రోజులూ మందు వాడాలి.
- మలంలో నెత్తురు పడినా, కడుపునొప్పి ఎక్కువైనా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.
- నీళ్ళు కాచి చల్లార్చి తాగాలి. వంటకు ముందు, దొడ్డికి పోయి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

జవాబులు రాయండి

1. టైఫాయిడ్ క్రిములు కడుపులోకి ఎలా చేరుతాయి?
2. మందు మధ్యలో ఆపితే ఏమవుతుంది?
3. మీ ఇంట్లో మిగిలిపోయిన బిళ్ళలు ఉన్నాయా? వాటిని ఎందుకు వాడకూడదు?