గ్రహణం రోజు కోడలు అన్నం తినవచ్చా?

గుడ్లవల్లేరులో ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంటి కోడలికి ఐదో నెల. ఆ రోజు సూర్యగ్రహణం.

పొద్దున్నే అత్త తలుపులు మూసింది. కిటికీకి దుప్పటి కట్టింది.

"కదలకుండా పడుకో అమ్మాయ్. మంచినీళ్లు కూడా తాగకు. కత్తిపీట ముట్టుకోకు. బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుంది" అంది.

"కళ్లు తిరుగుతున్నాయి అత్తయ్యా. కాసిని నీళ్లియ్యండి" అంది కోడలు.

అత్త చెడ్డది కాదు. పుట్టబోయే బిడ్డ మీద ప్రేమతోనే చెప్పింది. ఆమెకు ఆమె అత్త అలాగే చెప్పింది. మరి ఇప్పుడు ఏం చెయ్యాలి?

గ్రహణం అంటే ఏమిటి? సూర్యుడికీ భూమికీ మధ్య చంద్రుడు అడ్డం వస్తాడు. చంద్రుడి నీడ మన మీద పడుతుంది. దీపానికి చెయ్యి అడ్డం పెడితే గోడ మీద నీడ పడదూ? ఇదీ అంతే. నీడలో విషం ఉండదు.

ఒక జాగ్రత్త మాత్రం నిజం. సూర్యుణ్ణి ఉత్త కళ్లతో చూడకూడదు. చూపు దెబ్బతింటుంది. ఇది గర్భిణికే కాదు, అందరికీ.

మరి మొర్రి ఎందుకు వస్తుంది? కడుపులో బిడ్డ పెదవి మొదటి రెండు నెలల్లోనే కలుసుకుంటుంది. కలవకపోతే మొర్రి అవుతుంది. కొన్ని కుటుంబాల్లో అది వంశంలో ఉంటుంది. తల్లికి పోషకాహారం చాలకపోవడం, పొగతాగడం, కొన్ని రకాల మందులు కూడా కారణం కావచ్చు. గ్రహణం కారణం కాదు. మొర్రిని ఆపరేషనుతో సరిచేస్తారు.

మన కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో గోరా, సరస్వతీ గోరా దంపతులు నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. సరస్వతీ గోరా గర్భంతో ఉండి కూడా గ్రహణాన్ని చూశారు. బిడ్డకు ఏమీ కాలేదు. ఆమె తొమ్మిది మంది పిల్లల తల్లి. ఆమెది నాస్తిక మార్గం. దేవుణ్ణి నమ్మేవాళ్లు నమ్మకం వదులుకోనక్కర్లేదు. కానీ ఆమె చేసినట్టు ఆచారాన్ని పరీక్షించి చూడవచ్చు.

మనది లౌకిక రాజ్యం. అంటే ప్రభుత్వానికి మతం లేదు. గుడికి వెళ్లినా, మసీదుకు వెళ్లినా, చర్చికి వెళ్లినా, ఎక్కడికీ వెళ్లకపోయినా అందరూ సమానమే. రాజ్యాంగం 25వ అధికరణం మనకు మత స్వేచ్ఛ ఇచ్చింది. అయితే ప్రజల శాంతికి, నీతికి, ఆరోగ్యానికి భంగం రాకూడదు అని కూడా అంది. శాస్త్రీయ దృష్టి పెంచుకోవడం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చారు.

మన ఇళ్లల్లో ఎన్నో మంచి ఆచారాలున్నాయి. పీర్ల పండుగకు హిందువులూ వెళతారు. గుణదల మేరీమాత ఉత్సవానికి అన్ని మతాలవాళ్లూ వెళతారు. ఇవి మనుషుల్ని కలుపుతాయి. వీటిని నిలుపుకుందాం. గర్భిణిని ఎండబెట్టే ఆచారం ఎవరికి మేలు?

ఆ ఇంట్లో చివరికి ఏం జరిగింది? అత్త కూరల మీద దర్భలు వేసుకుంది. పట్టు స్నానం, విడుపు స్నానం చేసింది. ఆమెను ఎవరూ వెక్కిరించలేదు. కోడలికి మాత్రం తానే చెంబుతో నీళ్లిచ్చింది.

"తాగమ్మా. నా నమ్మకం నాది. నీ ఆకలి నీది" అంది.

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో గ్రహణం రోజు ఏం చేస్తారు?
2. ఏ ఆచారం మనుషుల్ని కలుపుతుంది? ఏది బాధపెడుతుంది?
3. పెద్దల మనసు నొప్పించకుండా ఆచారం మార్చడం ఎలా?